పంచనామాలో మన సంతకం ఏది?

"కడుపునొప్పి తాళలేక పురుగుమందు తాగి చనిపోయినట్లు మా అభిప్రాయం." 2003లో మా పిన్ని కూతురి శవ పంచనామా చివర రాసిన వాక్యం ఇది. కింద ఐదు సంతకాలు. ఐదూ మగవాళ్ళవే. ఐదుగురూ ఆమె అత్తగారి ఊరి పెద్దమనుషులే. తనకి పెళ్ళయి అప్పటికి నాలుగేళ్ళు. తనతో కలిసి పెరిగినదాన్ని నేను. తనకు కడుపునొప్పి ఉందని నేనెప్పుడూ వినలేదు.

ఆ రోజు ఎమ్మార్వో గారు మార్చురీ బయట వేపచెట్టు కింద కుర్చీలో కూర్చుని పంచాయతీదార్లను ఒక్కొక్కరినీ అడుగుతున్నారు. "ఆడవాళ్ళు దూరంగా ఉండండమ్మా" అన్నాడు కానిస్టేబులు. పిన్ని గోడవారన కూలబడి ఉంది. ఒంటిమీద దెబ్బలు చూడాల్సి వచ్చేసరికి మాత్రం ఆడవాళ్ళు కావలసి వచ్చారు. ఆసుపత్రి ఆయమ్మనూ నన్నూ లోపలికి పిలిచారు. బట్టలు తొలగించి చూసింది మేమిద్దరమే. "ఎడమ భుజం మీద, వీపు మీద కమిలిన మచ్చలున్నాయి సార్" అని బయటికి వచ్చి చెప్పాను. "కొత్తవా, పాతవా?" అన్నారు. నాకెలా తెలుస్తుంది? "పాత మచ్చలు" అని రాసుకున్నారు. చూసిన మా ఇద్దరినీ సంతకం అడగలేదు. చూడని ఐదుగురూ పెట్టారు. నేను కూడా "నేను చెప్పింది అది కాదు" అని గట్టిగా అనలేదు. ఆ మౌనాన్ని ఇవాళ్టికీ మోస్తున్నాను.

చట్టం ఏమంటుంది? క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 174వ సెక్షన్, 2024 జులై నుంచి దాని స్థానంలోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్, రెండూ అనుమానాస్పద మరణాన్ని "ఇరుగుపొరుగు గౌరవనీయుల" సమక్షంలో విచారించమంటాయి. ఆ గౌరవనీయుల్లో స్త్రీ ఒక్కతైనా ఉండాలని ఎక్కడా లేదు. అత్తింట్లో చనిపోయిన కోడలికి ఇరుగుపొరుగంటే ఎవరు? భర్త ఊరు, భర్త కులం, భర్త బంధుత్వం. మరణం ఎవరి గడపలో జరిగిందో వాళ్ళ మనుషులే ఆ మరణానికి కారణం చెబుతారు!

స్త్రీల ఉద్యమాల ఒత్తిడితో 1983లో ఈ చట్టం కొంత మారింది. పెళ్ళయిన ఏడేళ్ళలోపు స్త్రీ ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా చనిపోయినా పోస్టుమార్టం తప్పనిసరి అయింది. పోలీసుతోపాటు మేజిస్ట్రేటు కూడా విచారించాలన్నారు. వీలైనంతవరకు మృతురాలి తల్లిదండ్రులకు, తోబుట్టువులకు తెలియజేసి విచారణలో వాళ్ళను ఉండనివ్వాలని కూడా అదే చట్టంలో ఉంది. అంటే గోడవారన కూలబడ్డ పిన్నికి ఆ వేపచెట్టు కింద కూర్చునే హక్కు ఉంది. ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"ఇంక్వెస్టు కాగితానికి అంత విలువేముంది, అది అసలు సాక్ష్యమే కాదుగా" అంటారు న్యాయవాద మిత్రులు. మన రాష్ట్రం నుంచే వెళ్ళిన పెద్ద నారాయణ కేసులో సుప్రీంకోర్టు 1975లో చెప్పిందీ ఇంచుమించు అదే: మరణానికి పైకి కనిపించే కారణం తేల్చడం వరకే ఇంక్వెస్టు పని. ఎవరు కొట్టారు, ఎలా కొట్టారు అన్నది దాని పరిధి కాదు. కోర్టులో నిజమే కావచ్చు. ఊళ్ళో మాత్రం ఆ కాగితమే మొదటి మాట, చాలాసార్లు చివరి మాట కూడా. పోస్టుమార్టం చేసే డాక్టరు చేతికి వెళ్ళేది అదే. సాయంత్రానికల్లా శవం కాలిపోతుంది, మళ్ళీ చూద్దామంటే మచ్చలుండవు. మా పిన్ని కూతురి విషయంలో ల్యాబు రిపోర్టు పురుగుమందేనని తేల్చింది. ఎందుకు తాగిందన్న ప్రశ్న అక్కడితో మూతపడింది. పసివాడి పేర ఎకరం పొలం రాస్తామన్నారు, బాబాయి నోరు కట్టేసుకున్నాడు.

ఈ కడుపునొప్పి ఊళ్ళోనే ఆగదు. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 నివేదిక దేశంలోని ఆత్మహత్యల్లో 18.4 శాతానికి "అనారోగ్యం" కారణమంది. అందులో నిజమైన జబ్బులు ఎన్నో, పెద్దమనుషుల కలం రాసిన జబ్బులు ఎన్నో ఎవరు చెప్పగలరు? మనం సెమినార్లలో ఉటంకించే అంకెలకు పునాది ఆ వేపచెట్టు కింద రాసిన వాక్యమే.

బొంబాయిలో 1999 దాకా కరోనర్ ఉండేవాడు. పోలీసుశాఖకు చెందని అధికారి మరణాన్ని విచారించేవాడు. మన జిల్లాలకు ఆ ఏర్పాటు రాలేదు. ఇప్పుడు దాన్ని తెమ్మని నేను అడగడం లేదు. అడిగేది వేరే. పోలీసు కస్టడీలో మనిషి చనిపోతే జ్యుడీషియల్ మేజిస్ట్రేటే విచారించాలని 2005 సవరణ చెప్పింది. బంధించిన చేతులే కారణం రాయకూడదన్నది అందులోని నీతి. మరి బయటి గడియ ఎవరి చేతిలో ఉందో, ఫోను ఎవరి జేబులో ఉందో, పుట్టింటికి వెళ్ళాలంటే ఎవరి అనుమతి కావాలో మనకు తెలియదా? అత్తిల్లూ కస్టడీయే. అక్కడి మరణాన్ని మాత్రం వంద పనుల మధ్య వచ్చే రెవెన్యూ అధికారికీ, ఆ ఇంటి ఇరుగుపొరుగుకీ వదిలేశాం.

అందుకే, ఏడేళ్ళలోపు మరణాలనూ జ్యుడీషియల్ మేజిస్ట్రేటే విచారించాలి. పంచాయతీదార్లలో సగం మంది స్త్రీలుండాలి, వాళ్ళు అత్తింటి ఊరివాళ్ళు కాకూడదు. శవాన్ని చూసిన స్త్రీ ఏం చూసిందో ఆమె మాటల్లోనే రాసి ఆమె చేత సంతకం పెట్టించాలి. తల్లికి రాతపూర్వకంగా కబురు పంపాలి.

చట్టం మారేదాకా మనం చేయగలిగింది ఒకటుంది. అలాంటి కబురు వచ్చినప్పుడు ఏడవడానికి మాత్రమే వెళ్ళకండి. తల్లిని చేయిపట్టి తీసుకెళ్ళి విచారణలో కూర్చోబెట్టండి. రాసింది పైకి చదవమని అడగండి. తప్పు రాస్తే అక్కడే అభ్యంతరం చెప్పండి. నేను 2003లో చేయలేకపోయిన పని అదే.