సికిల్ సెల్: కోట్ల చికిత్స సరే.. రోజూ వేసుకునే మందు మాటేమిటి?

ఒక జబ్బుకు మూలం అణుస్థాయిలో ఉందని వైద్యశాస్త్రం మొదట నిరూపించింది సికిల్ సెల్ ఎనీమియా విషయంలోనే. 1949లో లైనస్ పౌలింగ్ బృందం ఈ రోగుల హిమోగ్లోబిన్ తేడాగా ఉందని చూపింది. ఆ తర్వాత కొన్నేళ్లకే వెర్నన్ ఇంగ్రామ్ అసలు లోపాన్ని పట్టుకున్నారు. హిమోగ్లోబిన్ బీటా గొలుసులో 6వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ ఉంటోంది. జన్యువులో ఒక్క అక్షరం మారడమే దీనికి కారణం.

ఆ చిన్న తేడా వల్ల ఆక్సిజన్ తగ్గినప్పుడు హిమోగ్లోబిన్ పోగులుగా అతుక్కుంటుంది. ఎర్ర రక్తకణం కొడవలిలా వంగి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. 120 రోజులు బతకాల్సిన కణం కొద్ది రోజులకే చనిపోతుంది. భరించలేని నొప్పులు, రక్తహీనత, ప్లీహం దెబ్బతిని చిన్నతనంలోనే ఇన్ఫెక్షన్లు.. ఇదీ రోగి బతుకు.

మన దేశంలో ఈ జబ్బును 1952లో నీలగిరి గిరిజనుల్లో గుర్తించారు. మధ్య భారతం నుంచి ఆదిలాబాద్, పాడేరు ఏజెన్సీల దాకా ఇది ప్రధానంగా ఆదివాసీల సమస్య.

రెండు దారులు, ఒకటే సూత్రం

తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది. పుట్టాక కొన్ని నెలల్లో దాని తయారీ దాదాపు ఆగిపోతుంది. ఆ పాత హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉన్న రోగుల్లో జబ్బు తీవ్రత తక్కువ. 2023 చివర్లో బ్రిటన్, అమెరికా ఆమోదించిన క్రిస్పర్ చికిత్స క్యాస్‌జెవీ చేసేది ఇదే. మూలకణాల్లో బీసీఎల్11ఏ అనే జన్యువు పనిని తగ్గించి పిండదశ హిమోగ్లోబిన్‌ను మళ్లీ తయారు చేయిస్తుంది. అమెరికాలో దీని ధర 22 లక్షల డాలర్లు. అంటే మన లెక్కలో 18 కోట్ల రూపాయలకు పైమాటే. పైగా ముందు బలమైన కీమోథెరపీ ఇవ్వాలి, పెద్దాసుపత్రిలో వారాల తరబడి ఉండాలి.

హైడ్రాక్సీయూరియా అనే పాత మందు కూడా చాలావరకు ఇదే పని చేస్తుంది. జబ్బును పూర్తిగా నయం చేయదు కానీ, నొప్పులను, ఆసుపత్రి పాలయ్యే అవసరాన్ని తగ్గిస్తుంది. ఈ జబ్బుకు అమెరికా దీన్ని ఆమోదించి పాతికేళ్లు దాటింది. ధర కూడా తక్కువే. కావాల్సిందల్లా మందు ఆగకుండా అందడం, ఎప్పటికప్పుడు రక్తపరీక్ష జరగడం.

లెక్క దేనికి?

2023 జులై 1న ప్రధాని మోదీ మధ్యప్రదేశ్‌లోని షహ్‌డోల్‌లో సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌ను ప్రారంభించారు. 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు, 2047 నాటికి నిర్మూలన లక్ష్యం. మంచిదే. కానీ పరీక్ష చేసి కార్డు చేతిలో పెడితే వైద్యం అయిపోయినట్టు కాదు.

తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. అందుకే పెళ్లికి ముందు కౌన్సెలింగ్ అవసరం. అయితే వాహకులు రోగులు కారన్న సంగతి వాళ్ల భాషలో, నమ్మకం కలిగేలా చెప్పకపోతే ఆ కార్డే ఆడపిల్ల పెళ్లికి అడ్డంకిగా మారుతుంది.

దేశీయ క్రిస్పర్ చికిత్స కోసం ఢిల్లీలోని ఐజీఐబీ శాస్త్రవేత్తలు చేస్తున్న కృషి కొనసాగాల్సిందే. అది చౌకగా వచ్చే దాకా పిల్లలు బతికి ఉండాలి కదా! పుట్టిన వెంటనే పరీక్ష, ఇన్ఫెక్షన్లు సోకకుండా పెన్సిలిన్, టీకాలు, పీహెచ్‌సీలో ఎప్పుడూ హైడ్రాక్సీయూరియా నిల్వ.. వీటికి కొత్త పరిశోధనలేవీ అక్కర్లేదు. ఎన్ని కార్డులు పంచామన్నది కాదు, ఈ నెల ఎంతమంది పిల్లలకు మందు అందిందన్నదే ప్రభుత్వాలు చెప్పాల్సిన లెక్క.