ఈ ఉయ్యాలకి టికెట్ ఎంత?

వి.బి.ఎస్. ముగిసిన రోజున పిల్లలకి ఏటా ఏదో ఒక బహుమతి ఇస్తాం. ఒక ఏడు స్టీలు గ్లాసులు, ఒక ఏడు పెన్సిల్ డబ్బాలు. ఈసారి ఏం కావాలో వాళ్లనే అడిగాం. "రైలు" అన్నారు. అందుకని ఇరవై ఆరుగురు పిల్లల్ని, నలుగురు సండే స్కూల్ టీచర్లని, రెండు గంపల పులిహోరని వెంటబెట్టుకుని తిరుత్తణిలో లోకల్ ఎక్కాం. అరక్కోణం మీదుగా తిరువళ్లూరు పోయి, అక్కడ ఒక చిన్న పార్కులో ఆడించి, సాయంత్రానికి తిరిగి రావడం. అంతే మా ప్రణాళిక.

ఆ పిల్లల్లో ఎక్కువమంది తిరుత్తణి దగ్గర ఒక ఊరికి బయట ఉన్న అరుంధతీయుల కాలనీ వాళ్లు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు బైబిల్లో వాక్యం కంఠస్థం చెబుతారు, చదవమంటే మాత్రం తెలుగు అక్షరం రాదు. ముగ్గురు ఇటుక బట్టీలో పనిచేసే ఇరుళ కుటుంబాల పిల్లలు. వాళ్లలో ఒకడికి ఆ రోజే మొదటి రైలు ప్రయాణం. మోసూరు స్టేషన్ పోయేదాకా కిటికీ ఊచలు వదల్లేదు.

పార్కు చాలా చిన్నది. రెండు ఉయ్యాలలు, ఒక జారుడుబల్ల, పట్టుకుని వేలాడే ఇనుప చట్రం ఒకటి, నాలుగు సిమెంటు బెంచీలు, చుట్టూ నడవడానికి బాట. పట్నంలో పెరిగిన పిల్లవాడు పావుగంటలో విసుగుపడే చోటు. మా పిల్లలు లోపలికి వచ్చి గేటు దగ్గరే ఆగిపోయారు. ఎనిమిదేళ్ల పాప ఒకతి మా చొక్కా లాగి, "అయ్యా, ఈ ఉయ్యాలకి టికెట్ ఎంత?" అని అడిగింది.

ముందు నవ్వొచ్చింది. తరువాత అర్థమైంది. ఆ పాప ఇంతవరకు ఉయ్యాల చూసింది ఆడికృత్తిక జాతరలోనే. అక్కడ రంగులరాట్నానికి టికెట్, తొట్టి ఉయ్యాలకి టికెట్, గుర్రం బొమ్మకి టికెట్. డబ్బు ఇవ్వకుండా ఎక్కగలిగే ఉయ్యాల ఒకటి ప్రభుత్వం ఖర్చుతో ఉంటుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఉచితం అని చెప్పాక కూడా, "ఎవుర్ని అడగాల?" అంది.

ఎవరినీ అడగనక్కర్లేదని చెప్పాం. నలభై నిమిషాలు ఆడారు. ఉయ్యాల కోసం వరుస కట్టి, ఒక్కొక్కరికి ఇరవై ఊపులని వాళ్లే లెక్క పెట్టుకున్నారు. పెద్దపిల్లలు చెడుగుడు మొదలుపెట్టి, అది చెడుగుడా సడుగుడా అని పోట్లాడుకున్నారు. (రెండు పేర్లకీ ఆట ఒకటే, పోట్లాటా ఒకటే.) పన్నెండు, పదమూడేళ్ల ఆడపిల్లలు మాత్రం బెంచీ మీద కూర్చుని తమ్ముళ్ల చెప్పులకి కాపలా కాశారు. ఎంత పిలిచినా లేవలేదు.

అప్పుడు నడకకి వచ్చిన ఒక పెద్దమనిషి మా దగ్గర ఆగారు. మర్యాదస్తుడే. "సార్, పిల్లలు ఏ ఊరు?" అన్నారు. చెప్పాం. "ఊళ్లో ఎక్కడ?" అన్నారు. ఈ రెండో ప్రశ్న మన పాఠకులకి వివరించనక్కర్లేదు. తిరువళ్లూరులో అడిగినా, గుంటూరులో అడిగినా దాని అర్థం ఒక్కటే. కాలనీ పేరు చెప్పాం. ఆయన కాసేపు ఆగి, "ఇది మా నగర్ వాళ్ల పార్కు సార్. ఇట్లా బయటి పిల్లల్ని తెస్తే వస్తువులు పాడవుతాయి" అన్నారు. ఇంకో ఇద్దరు నడక ఆపి చూస్తున్నారు.

మేము ఏం చేశామో దాచకుండా చెబుతాం. "క్షమించండి, వెళ్లిపోతున్నాం" అన్నాం. చప్పట్లు కొట్టి పిల్లల్ని పిలిచాం. తిరుగు రైలుకి ఇంకా గంటన్నర ఉంది. వరుసలో తన వంతు రాని నలుగురు ఉయ్యాల ఎక్కకుండానే బయటికి వచ్చారు. పులిహోర ప్లాట్‌ఫారం మీద తిన్నాం. రైల్లో ఆ పాపే మళ్లీ అడిగింది: "అయ్యా, మనం ఏం తప్పు చేసినాం?"

యవ్వనస్థుల కూటాల్లో రాజ్యాంగం గురించి మాట్లాడే మేమే ఇది. 15వ అధికరణం రెండో భాగం అంబేద్కర్ జయంతి నాడు నోటికి చెబుతాం. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు అనే కారణాలతో ఏ పౌరుడినీ దుకాణాల దగ్గర, బావుల దగ్గర, చెరువుల దగ్గర, రోడ్ల మీద, ప్రజాధనంతో నడిచే బహిరంగ స్థలాల దగ్గర అడ్డుకోకూడదని అది చెబుతుంది. పార్కు అంటే సరిగ్గా అదే. 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ వేలమందితో వెళ్లి చవదార్ చెరువు నీళ్లు తాగింది దాహం తీర్చుకోవడానికి కాదని మేమే ప్రసంగించాం. ఇరవై ఆరుగురు పిల్లల ముందు ఆ ముక్క ఒక్కటి మా నోట రాలేదు. గొడవైతే పిల్లలు భయపడతారని మాకు మేము చెప్పుకున్నాం. భయపడింది మేము.

"మా నగర్ వాళ్ల పార్కు" అన్న మాటని కాస్త విప్పి చూడాలి. తమిళనాడు నిబంధనల ప్రకారం 3,000 చదరపు మీటర్లు దాటిన లేఔట్ వేసేవారు రోడ్లు పోగా మిగిలిన స్థలంలో 10 శాతం బహిరంగ స్థలం కింద లెక్క చూపాలి. 10,000 చదరపు మీటర్లు దాటితే దాని బదులు డబ్బు కట్టి తప్పించుకోవడం కుదరదు, స్థలమే వదలాలి. ఆ స్థలాన్ని దానపత్రంతో మునిసిపాలిటీకో పంచాయతీకో రాసివ్వాలి. రాసిచ్చాక అది ఆ నగర్‌ది కాదు, ప్రజలది. చుట్టుపక్కల ప్లాట్లు కొన్నవారికి దాని మీద మనకన్నా ఒక్క అంగుళం హక్కు ఎక్కువ లేదు.

అసలు చిక్కు ఇంకో చోట ఉంది. పార్కు లేఔట్‌తో పుడుతుంది. తిరుపతి రోడ్డు పొడుగునా కొత్త నగర్లు లేస్తుంటే వాటితోపాటు పార్కులూ వస్తాయి. మా కాలనీని ఎవరూ లేఔట్ వేయలేదు. తాతల నాడు ఊరికి బయట, పల్లంలో, చెరువు గట్టు పక్కన గుడిసెలు వేసుకుంటే అదే ఊరైంది. తరువాత పట్టాలు వచ్చాయి, పక్కా ఇళ్లు వచ్చాయి, కానీ ఇళ్ల మధ్య ఖాళీ రాలేదు. అక్కడి పిల్లలు ఎండాకాలం ఎండిన చెరువులో ఆడతారు, వానాకాలం రోడ్డు మీద ఆడతారు. ఇటుక బట్టీ పిల్లలకి ఆరబెట్టిన ఇటుకల వరసల మధ్య సందే ఆటస్థలం. పళ్లిపట్టు, ఆర్.కె.పేట వైపు నేతగాళ్ల ఇళ్లకి వెళ్తే మగ్గం గదే ఇల్లు, చప్పుడు మధ్యే ఆట. భారతదేశం 1992లో ఒప్పుకున్న ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం ఆటని హక్కు అంటుంది. అన్నం, చదువు, వైద్యంతోపాటు ఆట. ఈ మాట మన సంఘాల్లో ఎప్పుడైనా విన్నారా?

ఇక్కడ దళిత క్రైస్తవ పిల్లల సంగతి మరీ విచిత్రం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులం హోదా హిందువులకే. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి విస్తరించారు, మనకి లేదు. బాప్తిస్మం తీసుకున్న కుటుంబం తమిళనాడులో బి.సి., ఆంధ్రలో బి.సి.-సి. అంటే కాగితం మీద మన కులం మారిపోయింది. పార్కులో ఆ పెద్దమనిషి సర్టిఫికెట్ అడగలేదు. "ఊళ్లో ఎక్కడ?" అని మాత్రమే అడిగారు.

తిరిగి వచ్చాక ఆదివారం ప్రసంగానికి జెకర్యా గ్రంథం తీశాం. క్రీ.పూ. 518 ప్రాంతం. చెరనుండి తిరిగి వచ్చినవాళ్లు కూలిన పట్టణంలో దేవాలయం కడుతున్నారు, ఇంకా పూర్తి కాలేదు. ఉపవాసాలు కొనసాగించాలా వద్దా అని అడగడానికి మనుషులు వస్తారు. ఏడో అధ్యాయంలో ప్రవక్త వాళ్ల ఉపవాసాల్నే ప్రశ్నించి, విధవరాలిని, తండ్రిలేనివాడిని, పరదేశిని, బీదవాడిని బాధపెట్టవద్దని చెబుతాడు. ఎనిమిదో అధ్యాయంలో యెరూషలేము బాగుపడిందనడానికి గుర్తు చూపిస్తాడు. గోడలు కాదు, బంగారం కాదు. ముసలివాళ్లు చేతికర్ర పట్టుకుని వీధుల్లో నిమ్మళంగా కూర్చుంటారు, వీధుల నిండా మగపిల్లలూ ఆడపిల్లలూ ఆడుకుంటుంటారు. ఆడపిల్లలని విడిగా పేర్కొన్నాడు, గమనించండి. బెంచీ మీద చెప్పులకి కాపలా కాసే ఆడపిల్లలు ఆ దర్శనంలో లేరు.

ఇరవై ఏళ్లుగా ప్రసంగిస్తున్నాం, ఆ వచనం మీద ఒక్క ప్రసంగం చేయలేదు. ఎందుకంటే మన భక్తిలో ఆటకి చోటు లేదు. ఇది ఈనాటిది కాదు. జాన్ వెస్లీ అంతటివాడు, బీదల పక్షాన నిలిచినవాడు, 1748లో బ్రిస్టల్ దగ్గర కింగ్స్‌వుడ్‌లో బడి తెరిచి, అందులో పిల్లలకి ఏ రోజూ ఆటకి సమయం లేకుండా నియమం పెట్టాడు. ఆ గాలి మిషనరీ ఓడల్లో మన దాకా వచ్చిందనిపిస్తుంది. అదే మిషనరీలు కట్టిన బడుల్లో ఫుట్‌బాల్ మైదానాలూ ఉన్నాయి, అది వేరే సంగతి. వారసత్వంగా మనం నియమాన్ని ఉంచుకుని మైదానాన్ని పోగొట్టుకున్నాం. వి.బి.ఎస్.లో కూడా మనం ఆడించే ఆట వాక్యం నేర్పడానికి పెట్టిన ఎర. యేసు దగ్గరికి పిల్లల్ని తెచ్చినవాళ్లని శిష్యులు గద్దించారని మార్కు పదో అధ్యాయంలో చదువుతాం. ఆ పిల్లలకి ఆయన పాఠం చెప్పినట్టు అక్కడ లేదు. ఎత్తుకున్నాడు, చేతులుంచి దీవించాడు. తిరువళ్లూరులో చప్పట్లు కొట్టి పిల్లల్ని బయటికి నడిపినప్పుడు మేము శిష్యుల వైపే నిలబడ్డాం.

ఇంక పెద్దమనిషిని విమర్శించి ఊరుకోవడం సులువు. కానీ ప్రసంగం అయ్యాక ఒక యవ్వనస్థుడు లేచి, "అయ్యా, మన గేటుకి తాళం ఎందుకు?" అన్నాడు. మా దేవాలయం ఆవరణ పన్నెండు సెంట్లు. ఒక వేపచెట్టు, బోరింగు, చదునుగా సిమెంటు చేసిన ముంగిలి. వారంలో ఆరు రోజులు తాళం. పెళ్లిళ్లకి బండ్లు నిలపడానికి తీస్తాం. ఎదురుగా రోడ్డు మీద లారీల మధ్య పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. బంతి లోపల పడితే గోడ దూకి తెచ్చుకుంటారు, కనబడితే మేమే తిడతాం.

కమిటీలో పెద్ద చర్చ జరిగింది. అద్దాలు పగులుతాయి అన్నారు ఒకరు. సంఘం కాని పిల్లలు కూడా వస్తారే అన్నారు ఇంకొకరు. ఆడపిల్లలు, మగపిల్లలు ఒకచోట ఆడితే మాట వస్తుందని మూడోవారు. పరిశుద్ధ స్థలం కదా అన్నవారికి జెకర్యా వచనం మళ్లీ చదివి వినిపించాం. చివరికి సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా గేటు తీయాలని, మొదటి గంటలో ఉయ్యాల ఆడపిల్లలదేనని తీర్మానం రాశాం. వేపకొమ్మకి లారీ టైరు, తాడు కట్టాం. టైరు ఊరికే వచ్చింది, తాడుకే కాస్త ఖర్చు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో ఆల్డో వాన్ ఐక్ అనే వాస్తుశిల్పి 1947 నుంచి ముప్పై ఏళ్లలో ఏడువందలకి పైగా ఆటస్థలాలు వేశాడు. వాటిలో ఎన్నో ఇళ్ల మధ్య ఖాళీ జాగాలే. ఒక ఇసుక గుంట, కొన్ని రాళ్లు, వంచిన ఇనుప కడ్డీలు. ఆటస్థలానికి ఎకరాలు అక్కర్లేదు. పన్నెండు సెంట్లకన్నా పెద్ద ఆవరణలు మన సంఘాలకి ఎన్ని ఊళ్లలో ఉన్నాయో ఈ వ్యాసం చదివే కాపరులకి తెలుసు.

దీనితో పంచాయతీ బాధ్యత తీరిపోదు. కాలనీ వెనక కొంత పోరంబోకు ఉంది, ముళ్లకంపలు, చెత్త. దాన్ని ఆటస్థలం చేయమని ఆగస్టు 15 గ్రామసభలో పెట్టడానికి వినతిపత్రం తమిళంలో రాయించాం. పిల్లలే ఆ స్థలం పటం గీశారు. పటంలో ఉయ్యాలలు నాలుగు ఉన్నాయి. గ్రామసభలో అది చదవడానికి రైల్లో మమ్మల్ని ప్రశ్న అడిగిన పాప అక్కని ఎన్నుకున్నారు. పార్కులో చెప్పుల దగ్గర కూర్చున్నవాళ్లలో ఆమె ఒకతి. తిరువళ్లూరుకి మళ్లీ వెళ్తాం, అదే పార్కుకి. ఈసారి పిల్లల కన్నా ముందు వాళ్ల తల్లిదండ్రులతో మాట్లాడి, ఎవరైనా ఆపితే ఏం చెప్పాలో అందరం కలిసి అనుకుని వెళ్తాం.

గేటు తాళంచెవి ఇప్పుడు కాలనీలో ఒక అవ్వ దగ్గర ఉంటోంది. నాలుగున్నరకి తీసి, కుర్చీ వేసుకుని అక్కడే కూర్చుంటుంది. పోయిన గురువారం బంతి తగిలి పాస్టరు గది కిటికీ అద్దం పగిలింది. ఆదివారం కమిటీ కూర్చుంటుంది. మొదటి అంశం అదే.