కీళ్లు లేని బొమ్మలు

ధర్మవరం మండలం నిమ్మలకుంటలో తోలుబొమ్మ గీసేదీ, చెక్కేదీ, అమ్మేదీ చాలా ఇళ్లలో ఒకే వసారాలో. ఒకరు మేకతోలు మీద గీత గీస్తుంటారు, పక్కన ఇంకొకరు ఉలితో చిల్లులు పెడుతుంటారు, మరొకరు రంగు వేస్తుంటారు. గోడకు వేలాడుతున్నవి అమ్మకానివి. నగరాల్లో స్టూడియోకి ఒక అద్దె, గ్యాలరీకి ఒక అద్దె కట్టి నడిపే వ్యవహారమంతా ఇక్కడ ఒక్క చూరు కింద జరిగిపోతుంది. హిందూపురం మీదుగా లేపాక్షి చూడ్డానికి వచ్చే బెంగళూరు వాళ్లలో కొందరు ఇటు కూడా వచ్చి వెళుతున్నారు. సంతోషం. వాళ్లు కొనుక్కెళ్లేది మాత్రం ఎక్కువగా లాంప్‌షేడ్. ఈ సంచికలో మా మాట దాని గురించే.

తోలుబొమ్మ ముందు గదికి అలంకారంగా పుట్టింది కాదు. తోలును వేడినీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, లాగి ఎండబెడితే వెలుతురు దూరేంత పల్చనవుతుంది. వెనకటి కాలంలో దేవుళ్ల బొమ్మలకు జింక తోలు వాడేవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ మాటే లేదు, మేకతోలే. రంగు రెండువైపులా వెయ్యాలి, లేకపోతే తెర మీద నీడ వెలవెలబోతుంది. నగలూ, చీర అంచులూ, కిరీటాలూ గీతతో కాదు, చిల్లులతో వస్తాయి. వెలుగు ఏ చిల్లులోంచి ఎంత రావాలో చేసేవాడి చేతికే తెలుసు. ఆ తరవాత అసలు పని. భుజం, మోచేయి, నడుము, మోకాలు వేరువేరు ముక్కలుగా కోసి, దారంతో ముడివేసి, బొమ్మ ఒళ్లు కదిలేలా చెయ్యాలి. కీలు బిగిస్తే హనుమంతుడు కొయ్యబారిపోతాడు. వదులు చేస్తే సీతమ్మ చెయ్యి ఊరికే ఊగుతుంది. ఎవరి కీలు ఎంత వదులుండాలో ఆట ఆడినవాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఆట అంటే తెల్లగుడ్డ తెర, వెనక దీపం, హార్మోనియం, మద్దెల, తాళాలు. యుద్ధం వచ్చిందంటే కాళ్ల కింద చెక్కపలకలు దడదడలాడాలి. బొమ్మ ఆడించేవారే పాడతారు, మాట్లాడతారు, ఇంటి ఆడవాళ్లూ గొంతు కలుపుతారు. ఇంట్లో మరాఠీ యాస మాట్లాడుకునే ఈ కుటుంబాలు తెర వెనక మాత్రం గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణం అందుకుంటాయి. ద్విపద గనక నోటికి సులువుగా పట్టుబడుతుంది. మధ్యలో హాస్యపాత్రలు కేతిగాడూ, జుట్టుపోలిగాడూ, బంగారక్కా దూరి, రాముడి నోట రాని మాటలన్నీ అనేస్తారు. పెద్దల ముందు అనగూడని మాటలకు తెర మీద మాత్రం మాఫీ ఉండేది. మన సాహిత్య చరిత్రలు ఈ ముగ్గురికీ ఒక అధ్యాయం కూడా ఇవ్వలేదని ఈ సందర్భంగా గుర్తుచేస్తున్నాం.

సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, రాత్రంతా కూర్చునే ఊళ్లు తగ్గాయి. హస్తకళల ప్రదర్శనలు కొత్త దారి చూపాయి: తీగచట్రానికి తోలు కుట్టి లోపల బల్బు పెట్టు. ఆ దారిలో కుటుంబాలు నిలబడ్డాయి, పిల్లలు చదువుకున్నారు. అది తప్పని చెప్పే హక్కు, ఒక్క రాత్రి ఆటకు కూడా డబ్బివ్వని మనకు లేదు. కాకపోతే ఏది మిగిలిందో, ఏది జారిపోతోందో చూసుకోవాలి. లాంప్‌షేడ్‌కు చిల్లులు కావాలి, రంగు కావాలి. కీళ్లు అక్కర్లేదు, గొంతు అక్కర్లేదు, కేతిగాడు అసలే అక్కర్లేదు. నిమ్మలకుంట చేతిపని ఇవాళ ఎంత నాజూకైనా, ఆ నాజూకుతనం బతికేది కదలని బొమ్మలోనే.

లేపాక్షి వీరభద్రాలయం కప్పు వంక తలెత్తి చూసినవారికి ఈ బొమ్మలు కొత్తగా అనిపించవు. పక్కవాటు ముఖాలు, పెద్ద కళ్లు, నల్లటి గట్టి గీత, ఖాళీ వదలకుండా నింపిన నగలు, చీరల గళ్లు, చారలు. ఈ పోలికను పండితులు ఎప్పుడో గుర్తించారు. అయినా మన రాతల్లో లేపాక్షి ‘చిత్రకళ’, నిమ్మలకుంట ‘హస్తకళ’. ఒకదానికి వ్యాసాలు, రెండోదానికి స్టాళ్లు. 2022లో లేపాక్షి యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. 2020లో నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ వచ్చింది. 2024 జనవరిలో ప్రధాని లేపాక్షి వచ్చినప్పుడు జటాయువు కథను ఆయనకు తోలుబొమ్మలాటగానే చూపించారు. రాతిగోడల మధ్య ఆ రెండూ కలిసిన ఆ రోజు కూడా మన పత్రికల్లో గుడి వార్త ఒకటి, కళాకారుల వార్త ఒకటి అయింది. ఆటను ఆటగా ఎవరూ సమీక్షించినట్టు మా కంటపడలేదు.

పేరు సంగతి ఇంకొకటి. అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండ అధికారి విరుపణ్ణ, సోదరుడు వీరణ్ణ లేపాక్షి గుడి కట్టించారు. వాళ్ల బొమ్మలు కప్పు మీద ఉన్నాయి. గీసినవారి పేర్లు మనదాకా రాలేదు. సరే, ఆ కాలం అలాంటిది. ఇప్పుడు అదే పెనుకొండ పక్కన ఎర్రమంచిలో తయారై బయటికొచ్చే ప్రతి కారుకూ ముందూ వెనకా కంపెనీ పేరుంటుంది. నిమ్మలకుంట నుంచి వెళ్లిన దీపం మీద చేసినవాళ్ల పేరు కనిపించడం అరుదు. తోలుబొమ్మలకున్న భౌగోళిక గుర్తింపు (జీఐ) రాష్ట్రం పేరును కాపాడుతుంది, మనిషి పేరును కాదు. కాన్వాసు మూలన సంతకం లేకుండా గ్యాలరీలు మామూలుగా బొమ్మ అమ్మవు. తోలుకు ఆ నియమం ఎందుకు వర్తించదో అమ్మేవాళ్లు చెప్పాలి, కొనేవాళ్లు అడగాలి.

మా వంతు మేం చేస్తాం. ఇకమీదట ఈ పత్రికలో తోలుబొమ్మ ఫోటో వేస్తే కింద చేసినవారి పేరు ఉంటుంది. తెలియకపోతే ఆ ఫోటో వెయ్యం. పుస్తకాలకూ నాటకాలకూ ఇస్తున్న సమీక్షల పేజీల్లో తోలుబొమ్మలాటకూ చోటు పెడుతున్నాం. నిమ్మలకుంట వెళ్లే పాఠకులకు ఒక విన్నపం: దీపం కొనండి, దాంతోపాటు ఒక పూట ఆటకు కూడా బేరమాడండి. ఊళ్లో జాతరకో, ఇంట్లో శుభకార్యానికో ఆట పెట్టించుకున్నవారు ఏ ఘట్టం ఆడారో, ఎవరు పాడారో, కేతిగాడు ఎవర్ని వెక్కిరించాడో రాసి పంపండి. పేజీలు ఖాళీగానే ఉన్నాయి.