అర్థశాస్త్రం జవాబులో మన భూమి లెక్క ఎక్కడ?

గ్రూప్-1 మెయిన్స్ టిక్కులు పెట్టే పరీక్ష కాదు, రాసి ఒప్పించాల్సిన పరీక్ష. తెలంగాణలో నాలుగో పేపరైన ఆర్థిక వ్యవస్థ, అభివృద్ధికి 150 మార్కులు. 3 గంటల్లో పది మార్కుల ప్రశ్నలు 15 రాయాలి. అంటే ఒక్కో జవాబుకు 12 నిమిషాలు. ఇంటర్వ్యూలు ఎత్తేశాక డిప్యూటీ కలెక్టర్ ఎవరవుతారో తేల్చేది ఈ రాతే.

2024 అక్టోబరులో జరిగిన మెయిన్స్ మూల్యాంకనంలో తెలుగు మీడియం అభ్యర్థులకు అన్యాయం జరిగిందన్న వాదన హైకోర్టు దాకా వెళ్లింది. 2025 సెప్టెంబరు 9న సింగిల్ జడ్జి ర్యాంకుల జాబితాను రద్దు చేశారు. అదే నెల 24న డివిజన్ బెంచ్ ఆ తీర్పు అమలును నిలిపివేసింది. న్యాయస్థానాల్లో ఏది తేలినా, అసమానత మూల్యాంకనం దగ్గరే మొదలు కాదు. అది ప్రిపరేషన్‌లోనే ఉంది. కేంద్ర ఆర్థిక సర్వే వచ్చేది ఇంగ్లిష్, హిందీల్లో. తెలుగులో చదివే విద్యార్థి చేతికి చేరేది కోచింగ్ నోట్సులోని సారాంశం. రాసిన జవాబు దిద్ది, ఎక్కడ తప్పిందో చెప్పే మనిషి దొరకడం ఇంకా కష్టం.

ఆ నోట్సులో ఏముంటుంది? చిన్న కమతాల సమస్యనే తీసుకుందాం. సగటు విస్తీర్ణం తగ్గడం, వారసత్వ పంపకాలు, సహకార సేద్యం: అందరూ ఇవే రాస్తారు. కమతం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న మాత్రం ఉండదు. 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో ఎస్సీలు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణనలో వారి సాగులో ఉన్న కమతాలు సుమారు 12 శాతం, విస్తీర్ణమైతే 9 శాతం లోపే. ఈ మూడు అంకెలు పక్కపక్కన పెడితే జవాబు స్వరూపమే మారుతుంది.

డాక్టర్ అంబేద్కర్ 1918లోనే చిన్న కమతాలపై వ్యాసం రాశారు. కమతం చిన్నదవడం కంటే పెట్టుబడి లేకపోవడం, భూమి మీద అవసరానికి మించి జనం ఆధారపడటం అసలు సమస్య అన్నారు. పారిశ్రామికీకరణే మార్గమన్నారు. ఆయన్ను రాజ్యాంగం పేపర్‌కే పరిమితం చేసి చదవడం మన విద్యార్థులు కూడా చేస్తున్న పని.

అయితే ఆవేదన ఒక్కటే జవాబు కాదు. వాడలో కౌలు, కూలి, వడ్డీ గురించి మనకు తెలిసింది అర్థశాస్త్రమే. కానీ దానికి ప్రశ్న అడిగిన చట్రం కావాలి. మేం జూనియర్లకు చెప్పేది ఇదే: మొదటి రెండు వాక్యాల్లో మీ వాదన చెప్పండి. ఒక అధికారిక అంకె, దాని సంవత్సరం ఇవ్వండి. ఒక కారణాన్ని వివరించండి. ఒక చట్టాన్నో పథకాన్నో పరీక్షించండి. ఎదుటి వాదనకు ఒక వాక్యం ఇచ్చి ముగించండి. ఉదాహరణకు 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం. అందులో ఖర్చుకాని నిధిని నిబంధనల మేరకు మరుసటి ఏడాది భర్తీ చేయాలని ఉంది. కేటాయింపు ఎంత, ఖర్చు ఎంత అన్న రెండు కాలమ్‌లు బడ్జెట్ పత్రాల నుంచి స్వయంగా రాసుకున్నవారికి ఆ జవాబు కంఠస్థం చేయాల్సిన పని లేదు. వారానికి నాలుగైదు జవాబులు గడియారం పెట్టుకుని రాసి, ఒకరివి ఒకరు దిద్దుకోండి.

విద్యార్థుల కృషి ఒక్కటే సరిపోదు. ఆర్థిక సర్వే ముఖ్య అధ్యాయాలను తెలుగులో అందించడం, జవాబులు దిద్దే అధ్యాపకులను పెట్టడం ఎస్సీ స్టడీ సర్కిళ్ల బాధ్యత కావాలి. మూల్యాంకన ప్రమాణాలను, నమూనా జవాబులను కమిషన్ రెండు భాషల్లోనూ బయటపెట్టాలి. రేపు భూమి ఫైలు మీద, ప్రత్యేక నిధి ఖర్చు మీద సంతకం చేసేది ఈ పరీక్ష నెగ్గినవారే. భూమి ఎవరి చేతిలో ఉందో అడగడం నేర్చుకున్నవారు ఆ కుర్చీల్లో ఉండాలి.