‘ఏం జేస్తున్నవ్?’ అంటే భయమా? మోటివేషన్ వీడియో చాలదు

నేరేడుచర్ల బస్టాండ్ దగ్గర టీ తాగడానికి వెళ్లడం కూడా ఈ మధ్య మానేశారా? ‘ఏం జేస్తున్నవ్ బిడ్డా ఇప్పుడు?’ అని ఎవరో ఒకరు అడుగుతారన్న భయమేనా? గ్రూప్స్‌కో, ఎస్సై ఉద్యోగానికో ప్రిపేరై, హైదరాబాద్‌లో రూమ్ ఖాళీ చేసి ఊరికి తిరిగొచ్చినవాళ్లకు ఇది తెలిసిన భయమే. దానికి మనం వాడే మందు మోటివేషన్ వీడియో. విన్నంతసేపే దాని పవర్. తెల్లారేసరికి ‘ఇంత చెప్పినా లేవలేకపోతున్నానంటే లోపం నాదే’ అనిపిస్తుంది. ఆ వీడియోలంటే నాకు కోపం అందుకే.

సైకోథెరపీ ఉపదేశం కాదు. ‘ధైర్యంగా ఉండు’ అనడానికి మేనమామ ఉన్నాడు, దానికి ఫీజెందుకు? థెరపిస్టు ముందు వింటారు, తీర్పు చెప్పరు. ఎదుటి మనిషిని షరతుల్లేకుండా అంగీకరించడం, అతని వైపు నుంచి అర్థం చేసుకోవడం, నటించకపోవడం... మనిషి మారాలంటే ఇవి కావాలని అమెరికన్ సైకాలజిస్టు కార్ల్ రోజర్స్ 1957లోనే రాశారు.

విన్నాక పని మొదలవుతుంది. 1960లలో ఆరన్ బెక్ రూపొందించిన కాగ్నిటివ్ థెరపీలో, మనసులో తటాలున వచ్చే ఆలోచనను నమ్మేయకుండా పరీక్షకు పెడతారు. ‘టీ కొట్టుకు పోతే అందరూ నవ్వుతారు’ అన్నారనుకోండి. ఆ మాట కాగితం మీద రాయిస్తారు. ఎంత శాతం నమ్ముతున్నారో అడుగుతారు. తర్వాత హోంవర్క్: పది నిమిషాలు అక్కడ కూర్చుని రండి, ఎవరు ఏమన్నారో రాయండి. ఒకాయన అడగనే అడుగుతాడు. మీరు ‘చదువుతున్నా పెద్దనాయనా’ అంటారు. ఆయన వడ్ల రేటు సంగతికి వెళ్లిపోతాడు. తప్పించుకున్నకొద్దీ పెరిగే భయం, ఎదురుపడ్డకొద్దీ తగ్గుతుంది. ఒక్కరోజులో కాదు, మామూలుగా 6 నుంచి 20 సిట్టింగులు పడతాయి. కొందరికి మందులు కూడా కావాలి. అవి రాయాల్సింది సైకియాట్రిస్టు.

‘ఊళ్లో తెలిస్తే?’ అంటారా? మన దగ్గర అది చిన్న ప్రశ్నేం కాదు, సంబంధాల దాకా పోతుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచడం వాళ్ల బాధ్యత. ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాల్లోనే మినహాయింపు. ఇంట్లోంచే మొదలుపెట్టాలంటే 14416కు ఫోన్ చేయండి. కేంద్రం 2022 అక్టోబర్‌లో ప్రారంభించిన టెలి మానస్ ఇది. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే మాత్రం రేపటిదాకా ఆగొద్దు. ఇప్పుడే ఇంట్లో ఒకరికి చెప్పండి, ఆ నంబర్‌కు చేయండి.

నేరుగా కలవాలనుకుంటే సూర్యాపేటకో, మిర్యాలగూడకో బస్సెక్కే ముందు ఒక్కటి చూసుకోండి. ‘కౌన్సెలర్’ అని బోర్డు ఎవరైనా పెట్టేస్తున్నారు. క్లినికల్ సైకాలజిస్టునని చెప్పేవాళ్లను రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. అడిగితే మొహం చిట్లించినా, రెండు సిట్టింగుల్లో గ్యారంటీ అన్నా లేచి వచ్చేయండి.