స్కానింగ్ కడుపుతో ఉన్నోళ్లకేనా?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. అన్నలు, తమ్ముళ్లు కూడా చదవాలి.

నేను డిగ్రీ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటున్నాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. పోయినేడాది మా పెద్దమ్మకి పొట్ట ఉబ్బింది. రెండు ముద్దలు తింటే చాలు, కడుపు నిండిపోయేది. మాటిమాటికీ ఒంటేలుకి వెళ్లేది. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ అన్నాడు. ఆసుపత్రిలోనూ గ్యాస్ బిళ్లలే ఇచ్చారు. ఐదు నెలల తర్వాత విశాఖలో స్కానింగ్ తీస్తే అండాశయంలో గడ్డ, పొట్టలో నీరు. క్యాన్సర్ అప్పటికే పాకిపోయింది. ముందే స్కానింగ్ తీయించుకోలేదేం అని అడిగితే, "నేనేమన్నా కడుపుతో ఉన్నానా అమ్మా?" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. అందుకే దీని గురించి దొరికిందల్లా చదివాను.

అండాశయంలో గడ్డలన్నీ క్యాన్సర్ కావు. ఏది మామూలుదో, ఏది ప్రమాదమో అల్ట్రాసౌండ్‌లో గుర్తుపట్టడానికి 1999లో యూరప్ డాక్టర్లు ఐయోటా అనే బృందంగా కలిశారు. 2008లో వాళ్లు పది గుర్తులు చెప్పారు. ఒకే గదిలా ఉన్న నీటి తిత్తి, లోపల రక్తప్రసరణ లేకపోవడం లాంటి ఐదు మంచి గుర్తులు. వంకరటింకరగా ఉన్న గట్టి గడ్డ, పొట్టలో నీరు, ఎక్కువ రక్తప్రసరణ లాంటి ఐదు చెడ్డ గుర్తులు. వీటితో తేలని గడ్డల్ని నిపుణులకి చూపించాలి. 2014లో ఆడ్‌నెక్స్ అనే లెక్క వచ్చింది. వయసు, గడ్డ సైజు లాంటి తొమ్మిది వివరాలు ఇస్తే ప్రమాదం ఎంత శాతమో చెబుతుంది. 2025లో స్వీడన్ పరిశోధకులు 8 దేశాల నుంచి 17 వేలకు పైగా స్కాన్ బొమ్మలతో కృత్రిమ మేధని పరీక్షించారు. అది నిపుణుల కంటే కూడా మెరుగ్గా గుర్తుపట్టింది.

ఇవన్నీ అల్ట్రాసౌండ్ బొమ్మల మీదే. అంటే మిషన్ ఒక్కటే ఉంటే సరిపోదు, ఆ బొమ్మని చదవగలిగే కన్ను కావాలి.

మరి ఆడవాళ్లందరికీ క్యాంపు పెట్టి స్కాన్ తీసేస్తే? నేనూ అలాగే అనుకున్నా. కానీ బ్రిటన్‌లో 2 లక్షల మందికి పైగా ఆడవాళ్లతో 2001లో మొదలుపెట్టి ఏళ్ల తరబడి చూశారు. ఏ లక్షణాలూ లేనివాళ్లకి ఏటా పరీక్షలు చేసినా మరణాలు తగ్గలేదని 2021లో తేలింది. పైగా క్యాన్సర్ లేనివాళ్లు కొందరికి ఆపరేషన్లు అయ్యాయి. కాబట్టి నేను క్యాంపులు అడగట్లేదు.

నేను అడిగేది లక్షణాలు ఉన్నవాళ్ల గురించి. పొట్ట ఉబ్బరం, కొంచెం తినగానే నిండిపోవడం, పొత్తికడుపు నొప్పి, మాటిమాటికీ ఒంటేలు. ఇవి నెలలో పన్నెండుసార్లకు మించి వస్తుంటే, ముఖ్యంగా 50 దాటిన ఆడవాళ్లకి, సీఏ-125 రక్తపరీక్ష చేయాలని, అది ఎక్కువగా ఉంటే స్కాన్ తీయాలని బ్రిటన్ డాక్టర్లకి నియమం ఉంది. మన ఏజెన్సీ ఆసుపత్రుల్లో కూడా గ్యాస్ బిళ్ల రాసే ముందు ఈ ప్రశ్నలు అడగాలి. స్కాన్ తీసేవాళ్లకి ఆ పది గుర్తులు నేర్పాలి. అండాశయం బాగా కనిపించాలంటే కొన్నిసార్లు యోని ద్వారా స్కాన్ తీస్తారు. అక్కడ ఆడమనిషి ఉండాలి, కువి గానీ కోయ గానీ ఆమె భాషలో ముందే చెప్పాలి. చెప్పకుండా చేస్తే మళ్లీ ఆసుపత్రి గుమ్మం తొక్కదు.

మనం చేయగలిగింది కూడా ఉంది. కొత్తల పండక్కి ఇంటికెళ్లినప్పుడు అమ్మని, పెద్దమ్మని, అత్తని పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. సిగ్గుపడతారు, అయినా అడగండి. మా పెద్దమ్మకి ఇప్పుడు మందు ఎక్కిస్తున్నారు. ఆ ఐదు నెలలు మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

జై ఆదివాసీ.