గంప కింది కోడికి వైద్యం ఏ భాషలో?

పొద్దున గంప ఎత్తగానే రెక్కలు కొట్టుకుంటూ పెరట్లోకి ఉరికే పెట్ట ఒకనాడు కదలకుండా, ఈకలు ఉబ్బించుకుని, కళ్లు మూసి కునుకుతూ కూర్చుందంటే ఆ ఇంటి ఇల్లాలికి ఇంకే పనీ తోచదు. సంతలో దాని ధర ఎంతన్నది తర్వాతి మాట. పిల్లలు పేరు పెట్టి పిలుచుకునే కోడి అది. గుడ్లు అమ్ముకుని చిల్లర ఖర్చులు గడుపుకునేదీ దానితోనే. బళ్లారి, రాయచూరు, కోలారు పల్లెల్లోనూ, హోసూరు చుట్టుపక్కలా, పర్లాకిమిడి, బరంపురం వైపూ, అటు సిరొంచలోనూ తరతరాలుగా స్థిరపడిన తెలుగువాళ్ల పెరళ్లలో ఇది కొత్తగా చెప్పాల్సిన సంగతి కాదు.

జబ్బు చేసిన కోడికి ఇంట్లో ఆడవాళ్లు చేసే సేవలో చాలావరకు సరైనదే. ముందుగా మిగతా కోళ్ల నుంచి దాన్ని విడదీయాలి. గాలి సోకే గంప కింద, పొడి గోనెసంచి మీద కూర్చోబెట్టి, చలిగా ఉంటే పక్కన ఒక బల్బు వెలిగించి పెడితే చాలు. జబ్బు కోడి తిండి కన్నా ముందు నీళ్లు మానేస్తే ప్రమాదం. కాచి చల్లార్చిన నీళ్లలో కాస్త బెల్లం, చిటికెడు ఉప్పు కలిపి గంటకోసారి ఇవ్వాలి. తిండి సంగతి వస్తే మెత్తటి రాగిసంకటి, నానబెట్టిన నూకలు మేలు. మెడ కింది గింజల సంచి తడిమి చూసి, పొద్దుటికి కూడా అది గట్టిగా నిండే ఉంటే బలవంతంగా ఇంకేమీ పెట్టకూడదు.

తప్పు జరిగేది నీళ్లు తాగించేటప్పుడే. ముక్కు విప్పి గరిటెతో గొంతులోకి పోసేస్తారు. కోడికి ఊపిరి గొట్టం మూతి నాలుక మొదట్లోనే ఉంటుంది. నీళ్లో నూనో అందులోకి పోయిందంటే జబ్బుతో బతికే కోడి కూడా సేవతో చస్తుంది. ముక్కు పక్కన ఒక్కో చుక్కే వేస్తే అదే చప్పరిస్తుంది. ఇంకొక పొరపాటు, ఒళ్లు వెచ్చగా తగిలిందని జ్వరమనుకోవడం. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. మన చేతికి అది ఎప్పుడూ జ్వరంలాగే తోస్తుంది. ఇక మందుల షాపులో మనుషుల బిళ్లలు తెచ్చి నూరి పోయడం ఎంతమాత్రం పనికిరాదు.

జబ్బేదో తేల్చుకోవడానికి రెట్ట చూడాలి. పిల్లల రెట్టలో నెత్తురు కనిపిస్తే అది రక్తపారుడు. తడి నేల మీద పెరిగే పిల్లలకు ఎక్కువగా వస్తుంది. ఆంప్రోలియం మందు వేళకు నీళ్లలో కలిపి ఆ గుంపు మొత్తానికీ తాగిస్తే చాలావరకు నిలుస్తాయి. జుట్టు మీద, కళ్ల చుట్టూ పొక్కులు లేస్తే మశూచి. కళ్లు తుడుస్తూ, తిండి అందిస్తూ ఉంటే కొన్ని వారాల్లో పొక్కులు ఎండి రాలతాయి. కానీ పచ్చగానో తెల్లగానో పారుతూ, నోరు తెరిచి ఆయాసపడుతూ, కాళ్లు చచ్చుబడి మెడ మెలిపడితే అది కొక్కెర తెగులు కావచ్చు. దానికి మందు లేదు. పసుపూ వెల్లుల్లీ ఉండ చేసి మింగించినా తగ్గదు. జబ్బు పడ్డాక టీకా వేయించినా ప్రయోజనం లేదు. అక్కడొకటీ ఇక్కడొకటీ బతికి బయటపడతాయి. మెడ వంకర మాత్రం ఉండిపోవచ్చు. అలా బతికిన కోడిని కూడా కొన్ని వారాలు విడిగానే ఉంచాలి.

సరిహద్దు తెలుగువాళ్ల అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. మనం కొక్కెర తెగులు అనేదాన్ని కన్నడంలో కొక్కరె రోగ అంటారు కాబట్టి బళ్లారిలో ఇబ్బంది లేదు. తమిళనాట అదే వెళ్లైక్కళిచ్చల్, అంటే తెల్లపారుడు. మహారాష్ట్రలో మాన్‌మోడీ, మెడ విరిచేది. డాక్టర్లు రాసే పేరు రాణీఖేత్. 1920లలో దేశంలో ఈ రోగాన్ని గుర్తించిన కొండ ఊరి పేరే దానికి మిగిలింది. ఒకరు పారుడు చూసి, మరొకరు మెడ చూసి పేరు పెట్టారు. ఇంట్లో తెలుగు, బడిలో మరో భాష, ఆస్పత్రి చీటీ మీద ఇంగ్లీషు ఉన్నచోట, గంప కింద కోడితో వచ్చిన అవ్వ ఏ మాట చెప్పాలి? పిల్లలు పారుతున్నాయని మాత్రమే చెబితే ఏదో పారుడు మందు ఇచ్చి పంపేస్తారు. ఈలోగా వాడంతా తెగులు పాకుతుంది.

రెండో చిక్కు టీకా సీసాది. పిల్లకు మొదటి వారంలో కంట్లో చుక్క, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య సూది. ఇంతే పని. కానీ ఆ సీసా పదుల, వందల కోళ్లకు సరిపడా వస్తుంది. ఒకసారి కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి, అప్పటిదాకా ఐసులో ఉండాలి. ఫారాల వాళ్లకు ఇదొక లెక్క కాదు. అయిదు కోళ్లున్న ఇల్లాలికి మాత్రం సీసా విప్పరు. తమిళనాడులో ఏటా ఫిబ్రవరిలో పెరటి కోళ్లకు ఉచితంగా టీకాల శిబిరాలు పెడుతున్నారు. మిగతా రాష్ట్రాల పశుసంవర్ధక శాఖలు ఆ పద్ధతిని అందిపుచ్చుకోవడానికి ఏం అడ్డమో చెప్పాలి.

సేవ మానుకోవాల్సిన వేళ కూడా ఒకటుంది. వరసగా కోళ్లు ఉన్నట్టుండి చచ్చిపోతుంటే, జుట్టు నీలంగా మారి ముఖం వాస్తే, అది బర్డ్ ఫ్లూ కావచ్చు. 2006లో దేశంలో మొదటిసారి మహారాష్ట్రలోని నవాపూర్‌లో అది బయటపడింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి, కృష్ణా జిల్లాల్లో కోళ్లను బలి తీసుకుంది. కొద్ది రోజులకే కర్ణాటకలో చిక్కబళ్లాపురం, బళ్లారి జిల్లాల్లోనూ కనిపించింది. గోదావరి జిల్లాల నడుమ ఉన్న యానాంకు ఆ కబురు చేరడానికి సరిహద్దులేమీ అడ్డురావు, రోగానికీ రావు. అలాంటప్పుడు కోడిని ఒళ్లో పెట్టుకోకూడదు, కోసి పంచుకోకూడదు, సంతలో చవగ్గా వదిలించుకోకూడదు, చచ్చినదాన్ని కాలవలో పారేయకూడదు. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. చాలా రాష్ట్రాల్లో సంచార పశువైద్యానికి 1962 నంబరు ఉంది. ఆ ఫోను ఎత్తినవాళ్లకు సరిహద్దు జిల్లాల్లోనైనా నాలుగు తెలుగు మాటలు వచ్చేలా చూడటం శాఖలకు పెద్ద పని కాదు.

ఊళ్లో దండోరా వేయించేటప్పుడు ప్రభుత్వ భాషలోని రోగం పేరు పక్కనే కొక్కెర అన్న మాటనూ పలికించాలి. కరపత్రం అచ్చేస్తే మెడ తిరిగిన కోడి బొమ్మ వేయాలి, చదువు రానివాళ్లకూ తెలుస్తుంది. సీసా వృథా కాకుండా వాడలోని కోళ్లన్నిటినీ ఒకే రోజుకు కూడగట్టే పని మహిళా సంఘాలకు అప్పగించవచ్చు. టీకా సిబ్బంది మాత్రం పది గంటలకు ఆఫీసు తెరిచాక బయల్దేరితే లాభం లేదు. అప్పటికి కోళ్లన్నీ దిబ్బల మీద, చేలల్లో ఉంటాయి. గంపలు ఎత్తకముందే, పొద్దున ఆరింటికల్లా వాళ్లు వాడలో దిగాలి.